ఏజెంటుగారొచ్చారు, కుర్చీ వెయ్యండి

పెళ్లికెళ్లినప్పుడు ఈసారి గమనించండి. భోజనాల హాలు కిటకిటలాడుతుంటుంది. కుర్చీ దొరకాలంటే తినేవాళ్ల వెనక నిలబడి కాపలా కాయాలి. అంత రద్దీలోనూ ఒక పెద్దమనిషికి అటొకటి, ఇటొకటి కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మనిషి శుభ్రంగానే ఉంటాడు, జేబులో రెండు పెన్నులుంటాయి, ఎవరు కనబడ్డా నవ్వుతాడు. అయినా పక్కన ఎవరూ కూర్చోరు. ఆయన బీమా ఏజెంటు. కూర్చుంటే "అబ్బాయికి ఎన్నో ఏడండీ?" అంటాడు. అదే మాట మేనత్త అడిగితే ఆపేక్ష, ఈయన అడిగితే ప్రీమియం లెక్క.

నవ్వుకోండి, తప్పులేదు. ఏజెంట్లని చూసి జనం పక్కకి తప్పుకోవడానికి కారణాలు బోలెడు. వాటిలో సగం వాళ్లు చేతులారా తెచ్చుకున్నవే. కానీ తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ఒకాయన లూనా బండి చప్పుడు వినబడితే అరుగు మీద నడుం వాల్చినవాళ్లు లేచి కూర్చుని, "ఏజెంటుగారొచ్చారు, కుర్చీ వెయ్యండ్రా" అని లోపలికి కేకేసేవాళ్లు. ఆయన మా పెదనాన్న. ఎనభైల్లో, వేసవి సెలవులకి వెళ్తే ఆయన రెగ్జిన్ సంచి మోసే ఉద్యోగం నాది. జీతం ఒక గోలీ సోడా. పట్నాల్లో ఇప్పుడు కస్టమర్ రిలేషన్‌షిప్ అని రెండేసి రోజులు ఏసీ గదుల్లో పాఠాలు చెబుతున్నారు కదా, నాకు ఆ పాఠాలన్నీ లూనా వెనక సీటు మీదే అయిపోయాయి.

ముందు ఆ సరుకు సంగతి చూడండి. చీరల కొట్లో మడత విప్పి భుజాన వేసి అద్దంలో చూపిస్తారు. పళ్లబండివాడు ముక్క కోసి చేతిలో పెడతాడు. బీమా ఏజెంటు ఏం చూపిస్తాడు? కాగితం. ఇరవై ఏళ్లు కడుతూ పోవాలి, అసలు పని పడేనాటికి కొన్నవాడు ఉండడు. అంటే కొనేది ఒకరు, వాడుకునేది ఇంకొకరు, మధ్యలో ఈయన మాట తప్ప పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. కాబట్టి ఈ వ్యాపారంలో అబద్ధం చెప్పినవాడికి ఆ రోజు ఏమీ కాదు. పదేళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి ఆయన వేరే ఊళ్లో వేరే కంపెనీలో ఉంటాడు.

పైగా ఇది చావు కబురుతో మొదలయ్యే బేరం. మన ఇళ్లలో ఆ మాట ఎత్తడం ఎంత కష్టమో మీకు చెప్పాలా? దీపాలు పెట్టే వేళ "మీరు పోతే" అన్నారనుకోండి, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని బామ్మలు చీపురు తిరగేస్తారు. కుర్ర ఏజెంట్లు కొందరు "అంకుల్, రేపు మీకేమైనా జరిగితే ఆంటీ పరిస్థితేంటి?" అని నేరుగా కత్తి దూస్తారు. భయపెడితే సంతకం పడుతుందని వాళ్లకెవరో నేర్పారు. పడుతుంది కూడా. మా పెదనాన్న మాత్రం ఆ మాట తన మీదే వేసుకునేవాడు. "రేపు నేనీ బండి మీంచి పడ్డాననుకోండి, మా ఇంట్లో ఏం జరుగుతుందో చెబుతా వినండి" అని మొదలుపెట్టేవాడు. పెద్దమ్మ ఎవరి దగ్గరికి పరిగెత్తాలి, పొలం కాగితాలు ఎక్కడున్నాయి, చేబదుళ్లు ఎవరికెంత ఇవ్వాలి, అన్నీ ఏకరువు పెట్టేవాడు. వింటున్న మనిషికి తన ఇల్లు తనకే కళ్ల ముందు కనబడేది. దేవతలు ఎన్ని తథాస్తులన్నారో కానీ పెదనాన్న ఎనభై దాటాకే పోయాడు.

ఆయనకింకో పట్టింపు ఉండేది. ఇంటాయన ఒక్కడే కూర్చుని మాట్లాడతానంటే ఒప్పుకునేవాడు కాదు. "చెల్లెమ్మా, నువ్వూ ఇలా వచ్చి కూర్చో తల్లీ, ఇది నీకు సంబంధించిన కాగితం" అని పిలిచేవాడు. ఆవిడ తలుపు చాటునుంచి రాకపోతే, తలుపు దగ్గరికే కుర్చీ జరుపుకునేవాడు. సంవత్సరానికెంత కట్టాలి, కట్టకపోతే ఎన్ని రోజులు గడువు, మధ్యలో మానేస్తే ఎంత పోతుంది, అన్నీ ఆవిడకి వినబడేలా చెప్పేవాడు. మగవాళ్లకిది కొంచెం చిరాగ్గా ఉండేది. డబ్బు లెక్కలు ఆడవాళ్ల ముందేమిటని. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతేం కాదండీ.

ఒక సాయంత్రం ఒక బియ్యం మిల్లు గుమస్తాగారింటికి వెళ్లాం. ప్రపోజల్ ఫారం నింపుతున్నారు. పేరు, వయసు, తండ్రి వయసు, తల్లి ఏ జబ్బుతో పోయింది, అన్నీ అయ్యాయి. "షుగరుందా?" అన్నాడు పెదనాన్న. "అబ్బే, లేదండీ" అన్నాడాయన. పెదనాన్న పెన్ను ఎత్తి, కాసేపు కిటికీ గూటి వైపు చూశాడు. గూట్లో దువ్వెన పక్కన సగం వాడిన మాత్రల షీటు ఉంది. దాని గురించి ఒక్క మాట అనలేదు. లోపల్నుంచి కాఫీ వచ్చింది. "నాకు ఇంకో చెంచా పంచదార కావాలమ్మా. మరి మీకో?" అన్నాడు గుమస్తాగారితో. "నాకొద్దులెండి, నేను చప్పగానే తాగుతా" అనేసి, నోరు కరుచుకున్నాడాయన. అందరూ నవ్వేశారు. తలుపు దగ్గరున్న ఆవిడ కూడా.

అప్పుడు చెప్పాడు పెదనాన్న. "ఇక్కడ లేదని రాసుకుంటే మీకు ఏడాదికి కొంత తగ్గుతుంది, నాకు కేసు తొందరగా పాసవుతుంది. ఇద్దరం బాగానే ఉంటాం. కానీ మీరు చూపించుకుంటున్న డాక్టరు దగ్గర చీటీ ఉంటుంది కదా. అది రేపు ఆఫీసు చేతికి దొరికితే, ఆఫీసు చుట్టూ తిరిగేది మీరూ నేనూ కాదు." తలుపు వైపు చూశాడు, అంతే. గుమస్తాగారు షుగరు రాయించాడు. మెడికల్ పరీక్షలయ్యాయి, ఎక్‌స్ట్రా ప్రీమియం పడింది, ఆయన రెండు నెలలు గొణుక్కుంటూ తిరిగాడు.

ఇప్పటి చట్టం సంగతి కూడా మీ చెవిన వేస్తాను. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలై మూడేళ్లు దాటితే, ఫారంలో ఫలానాది దాచారని కంపెనీ ఏ కారణంతోనూ క్లెయిము కొట్టేయడానికి వీల్లేదు. 2015 సవరణతో వచ్చిన రక్షణ ఇది. కానీ ఆ మూడేళ్లలోపు ఏదైనా జరిగితే ఫారంలో ప్రతి గడినీ భూతద్దం పెట్టి చూస్తారు. కొందరు ఏజెంట్లు ఫారం కూడా చూపించకుండా, పెన్సిలుతో టిక్కు పెట్టిన మూడు చోట్లా సంతకం పెట్టించుకుని, ఇంటికెళ్లి అన్ని ప్రశ్నలకీ "లేదు, లేదు, లేదు" అని గీసేస్తారు. పార్టీకి శ్రమ తగ్గించామంటారు. ఆ సంతకం కింద ఉన్నవన్నీ పార్టీ చెప్పిన అబద్ధాలుగా లెక్కకొస్తాయని మాత్రం అనరు.

పేర్ల తంటా ఇంకోటి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు నాలుగు రకాలుగా ఉంటుంది. బడిలో వెంకటేశ్వర్లు, రేషన్ కార్డులో వెంకటేశ్వరరావు, ఊళ్లో వెంకటేశం, ఆధార్ వచ్చాక ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో అవతారం. బతికున్నంతకాలం ఇదంతా తమాషాయే, పోయాక నాలుగు పేర్ల మనుషులూ ఒక్కరేనని రుజువు చేయాల్సింది ఇంటి ఆడవాళ్లు. పెదనాన్న ఫారం రాసేముందు భూమి పాస్‌బుక్కు, బడి సర్టిఫికెట్టు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం వేలితో తాకుతూ చదివేవాడు. పది నిమిషాల పనికి గంట పట్టేది. నేను సోడా ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చునేవాణ్ని.

ఇక డబ్బు. ఆ కాలంలో ప్రీమియం ఏజెంటు చేతికే ఇచ్చేవాళ్లు. టౌనుకెళ్లి క్యూలో నిలబడేదెవరు? ఆయన సంచిలో పాత శుభలేఖల కవర్లు ఉండేవి. ఒక్కో ఇంటి డబ్బు ఒక్కో కవర్లో, పైన పాలసీ నంబరు. సొంత చిల్లర వేరే జేబులో. గోలీ సోడాకి డబ్బులు చాలకపోయినా కవర్లో చెయ్యి పెట్టేవాడు కాదు, కొట్లో అప్పు రాయించేవాడు. మర్నాడే బ్రాంచిలో కట్టి, ఆ సాయంత్రమే రసీదు తెచ్చి ఇచ్చేవాడు. ఇదంతా చాదస్తం అనిపించేది నాకు. చాలా ఏళ్ల తర్వాత 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గురించి చదివాను. పాలసీదారు ప్రీమియానికి ఏజెంటు చేతికి చెక్కిచ్చాడు. ఏజెంటు ఆ సొమ్ము ఆఫీసులో కట్టకుండా అట్టే పెట్టుకున్నాడు. ఈలోగా పాలసీదారు ప్రమాదంలో పోయాడు. ఏజెంటుకి ప్రీమియం వసూలు చేసే అధికారమే లేదు కాబట్టి ఆయనకిచ్చింది ఎల్ఐసికి ఇచ్చినట్టు కాదంది కోర్టు. చట్టం దృష్టిలో ఆ కవర్లన్నీ వట్టి చేబదుళ్లు. అంత సన్నటి దారం మీద ఊళ్లకి ఊళ్లు నడిచాయి. ఇప్పుడంటే ఫోనులోనే కట్టేస్తున్నాం, కట్టిన క్షణంలో రసీదు వస్తోంది. ఇది మంచికే వచ్చిన మార్పు, నేనేం పాత రోజులకి హారతి పట్టడం లేదు.

నిజానికి ఎల్ఐసి పుట్టిందే నమ్మకం చెడి. బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పెట్టారు. దేశమంతటా అలాంటి కంపెనీలు చాలా ఉండేవి. కొన్ని నిక్కచ్చిగా నడిచాయి. కొన్నిటిలో జనం కట్టిన సొమ్ము యజమానుల సొంత వ్యాపారాలకి దారి పట్టింది. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేచి, దాల్మియాల చేతిలోని భారత్ ఇన్సూరెన్స్ సొమ్ము ఎటు పోయిందో లెక్కలతో సహా చదివాడు. రెండు నెలలు తిరక్కముందే, 1956 జనవరి 19న, ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 154 దేశీ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, వెరసి 245. అన్నీ కలిసి ఆ సెప్టెంబరు 1న ఒక్క కార్పొరేషన్ అయ్యాయి. పైన సర్కారు ముద్ర పడింది కాబట్టి కంపెనీ మునుగుతుందన్న భయం పోయింది. కింద ఇంటికొచ్చే మనిషి ఎలాంటివాడన్న ప్రశ్న మాత్రం ఎప్పట్లాగే మిగిలింది. దానికి ఆర్డినెన్సు లేదు.

ఇప్పుడు కొంచెం పార్టీల సంగతి, అంటే మన సంగతి, మాట్లాడుకుందాం. ఏజెంటు కుర్చీలో కూర్చోగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "నీకొచ్చేదాంట్లో నాకెంతిస్తావ్?" మొదటి ఏడాది ప్రీమియంలో నాలుగో వంతు దాకా ఏజెంటుకి కమిషనని, పైన బోనసని అందరికీ తెలుసు. రెండో ఏడు నుంచి ఏడున్నర శాతం, ఆపైన ఐదు శాతం, ఆ కాలపు లెక్క అది. అందుకని మొదటి ప్రీమియం ఏజెంటే కట్టాలని బేరం. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం కమిషన్లో వాటా ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ నేరమే, పది లక్షల దాకా జరిమానా. మనకి అదంతా పట్టదు. ఇచ్చేవాళ్లు ఇస్తున్నారు. సరే, కాసేపు లెక్క వేయండి. మొదటి ఏడాది రాబడంతా మీకే ఇచ్చేసినవాడికి రెండో ఏడాది మీ ఇంటికి రావడానికి పనేముంది? ఐదు శాతం కోసం ఎవరు తిరుగుతారు? వాడికి కొత్త ఇల్లు కావాలి. మీ ఇంటి పాలసీ లాప్స్ అయిందో, నామినీ పేరు మారాలో, బాండు చెదలు తిందో, వాడికి అక్కర్లేదు. కమిషను వెనక్కి పుచ్చుకున్న రోజే ఆ అక్కరని మనం కొనేసి చింపేశాం. పెదనాన్నని ఎవరైనా అలా అడిగితే కోప్పడేవాడు కాదు. "డబ్బులివ్వను కానీ, మీ అబ్బాయి పెళ్లికి ముందొచ్చి వెనక వెళ్తా" అనేవాడు. కొందరు ఒప్పుకునేవాళ్లు, కొందరు పక్క ఏజెంటు దగ్గరికి పోయేవాళ్లు. పోయినవాళ్లే ఎక్కువ.

పెళ్లికి రావడమంటే వట్టి భోజనానికి కాదు. చదివింపుల్లో 116 రూపాయలు రాయించి, నెల తిరిగాక మళ్లీ వచ్చేవాడు, నామినీ మార్చే కాగితంతో. పెళ్లికి ముందు పాలసీ తీసుకున్న కుర్రాడు నామినీగా తల్లి పేరే రాస్తాడు. పెళ్లయ్యాక అది గుర్తుండదు. తర్వాత ఏదైనా జరిగితే ఒకే ఇంట్లో అత్తాకోడళ్లు కోర్టుకెక్కుతారు. అయితే "మీ అమ్మ పేరు తీసేసి భార్య పేరు పెట్టు" అని కొత్త పెళ్లికొడుకు చెవిలో ఊదితే ఆ ఇంట్లో ఏజెంటుకి మళ్లీ మంచినీళ్లు పుట్టవు. అందుకని పెదనాన్న ఆ మాట అత్తగారి దగ్గరే ఎత్తేవాడు. "అక్కయ్యా, కోడలొచ్చింది. కాగితంలో నీ పేరొక్కటే ఉంది. ఇద్దరి పేర్లూ రాసుకోవచ్చు. ఎలా చేద్దామంటావో నువ్వే చెప్పు." అక్కయ్య కాసేపు ఆలోచించి, "దాని పేరే రాయి తమ్ముడూ, నాకు పొలం ఉందిగా" అన్న సందర్భాలు నాకు తెలుసు. "నా పేరూ ఉండనీ" అన్నవాళ్లూ ఉన్నారు. రెండూ న్యాయమే. అడగాల్సినవాళ్లని అడిగాడు.

తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా నడుస్తోంది కదా. 18 నుంచి 59 ఏళ్ల రైతులకి ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, రైతు ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. అక్కడ ఏజెంటూ లేడు, కమిషనూ లేదు. అయినా ఇంట్లో మనిషి పోయినప్పుడు ఆ కాగితాలు ఎవరు తెమ్మన్నారు, ఎలా మాట్లాడారు, ఎన్నిసార్లు తిప్పారు అన్నదాన్ని బట్టే ఆ ఊరు ఆ పథకాన్ని మెచ్చుకుంటుంది, తిట్టుకుంటుంది. సరుకు ఉచితమైనా ఈ సంగతి మారదు.

మా పక్కవీధిలో ఒక రిటైర్డు మాస్టారున్నారు. గడువు తీరిన ఫిక్సెడ్ డిపాజిట్ మళ్లీ వేయించుకుందామని ఒక బ్యాంకుకెళ్లారు. అక్కడి అమ్మాయి లేచి నిలబడింది, ఏసీ కింద కుర్చీ వేసింది, టీ తెప్పించింది, "తాతగారూ" అని నోరారా పిలిచింది. "ఇది కూడా ఎఫ్‌డీ లాంటిదే తాతగారూ, వడ్డీ ఇంకా ఎక్కువ" అని నాలుగు సంతకాలు పెట్టించుకుంది. తర్వాత ఫోనొచ్చింది, అన్నీ అర్థమయ్యాయా అని. అన్నిటికీ "అవును" అనమంది ఆ అమ్మాయే. ఆయన అన్నారు. ఏడాది తిరిగాక "మీ రెండో ప్రీమియం లక్ష రూపాయలు కట్టండి" అని మెసేజి వచ్చేదాకా తాను బీమా కొన్నానని ఆయనకి తెలీదు. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో నచ్చకపోతే తిప్పి పంపేయొచ్చు, చిన్న చిన్న ఖర్చులు పోను డబ్బు వెనక్కిస్తారు. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. పాలసీ కాగితాలు ఈమెయిల్లో వచ్చాయట, ఆయనకి ఈమెయిలు మనవడు పెట్టిచ్చిందొకటి ఉంది, చూడరు. మొదట కంపెనీకి ఫిర్యాదు రాయించాం. నెలలో సరైన జవాబు రాకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, హైదరాబాదులో ఆఫీసుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆ ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదండీ. నెలాఖరు టార్గెట్ తప్పితే ఆమెను నిలబెట్టి అడిగేవాళ్లు పైన ఉన్నారు. కానీ ఆమె చేసిన మర్యాదలన్నీ చూడండి. లేచి నిలబడ్డం, కుర్చీ, టీ, వరస కలిపి పిలవడం. ఒక్కటీ తక్కువ లేదు. ఒక్క నిజం తప్ప అన్నీ పెట్టింది. మాస్టారికి లెక్క చెబితే అర్థం చేసుకోగలరని ఆమె అనుకోలేదు. నలభై ఏళ్లు పిల్లలకి ఎక్కాలు చెప్పిన మనిషికి. నాకు కష్టమనిపించింది అక్కడే, లక్ష దగ్గర కాదు.

మళ్లీ పెదనాన్న సంగతికి వద్దాం. దుగ్గిరాల యార్డులో పసుపు అమ్ముడయ్యే రోజులూ, ఏజెంట్ల మార్చి టార్గెట్లూ ఒకేసారి వస్తాయి. చేతిలో డబ్బున్న రైతుని ఒకేరోజు నలుగురు ఏజెంట్లు చూసేవాళ్లు. అలాంటి ఒక రైతు పెదనాన్నని తనే పిలిచాడు, పెద్ద పాలసీ కావాలని. పెదనాన్న మాటల్లో పెట్టి రాబట్టింది ఏమిటంటే, ఆ రైతు మూడు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చి ఉన్నాడు. "నూటికి నెలకి మూడంటే ఏడాదికి ముప్ఫయ్యారండీ. నా పాలసీ ఎంత గొప్పదైనా అందులో ఆరో వంతొస్తే గొప్ప. ముందెళ్లి ఆ నోటు చింపించుకు రండి" అన్నాడు. అప్పున్నవాడికే కదా బీమా కావాలి అంటారా? నిజమే. ఆయనకి తక్కువ ప్రీమియంతో ఎక్కువ రక్షణ వచ్చే చిన్న పాలసీ ఒకటి రాశాడు, ఏజెంటుకి చేతికి వచ్చేది కూడా చిన్నదే. మరుసటేడు ఆ రైతు ఇద్దరు తమ్ముళ్లని వెంటబెట్టుకొచ్చాడు. కథల్లో అయితే ముగ్గురూ పెద్ద పాలసీలు తీసుకుంటారు. ఆ ఏడు పసుపు ధర పడింది. తమ్ముళ్లు కాఫీలు తాగి వెళ్లిపోయారు.

చప్పటి కాఫీ గుమస్తాగారు నాలుగేళ్లకే పోయారు. కబురు తెలిసిన రోజు పెదనాన్న సంచి తీసుకెళ్లలేదు. పాడె కట్టే దగ్గర నిలబడి, పెద్దకొడుకుని పక్కకి పిలిచి ఒక్కటే చెప్పాడు. "గడువులోపు పంచాయతీలో మరణం రాయించాలి. పేరు బాండులో ఉన్నట్టే వెంకటేశ్వర్లు అని చెప్పు. రావు అని రాయనివ్వకు." మళ్లీ పెద్దకర్మ అయిన మూడోనాటిదాకా ఆ ఇంటి వైపు వెళ్లలేదు. వెళ్లినప్పుడు ఫారాలన్నీ తనే నింపుకుని వెళ్లాడు. ఆవిడని అడిగింది రెండే, బాండు ఎక్కడుంది, సంతకం పెడతావా వేలిముద్రా. బాండు బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. ఆయన చెప్పిన చోటే దాచింది ఆవిడ.

షుగరు సంగతి ఫారంలోనే ఉంది కాబట్టి ఆఫీసువాళ్లు అడగడానికి ఏమీ మిగల్లేదు. 50,000 రూపాయల చెక్కు వచ్చింది. ఆ రోజుల్లో పెద్ద మొత్తమే. క్లెయిము ఇప్పించినందుకు ఏజెంటుకి దక్కేది ఏమీ ఉండదు, పైగా ఆ పాలసీ మీద ఏటా వచ్చే ఐదు శాతం కూడా ఆగిపోతుంది. చెక్కు బ్యాంకులో వేయించి వస్తుంటే ఆవిడ అడిగింది, "అన్నయ్యా, ఈ డబ్బు ఎందులో పెట్టమంటావు? నువ్వే ఏదన్నా మంచి పాలసీ రాయి" అని. అప్పుడు మార్చి నెల. పెదనాన్న "ఆరు నెలలు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు చెల్లెమ్మా. నేను తెచ్చినా సరే పెట్టకు" అన్నాడు.

ఈ సంగతి ఎలాగో ఏజెంట్ల పైన ఉండే డెవలప్‌మెంట్ ఆఫీసరుగారి చెవిన పడింది. ఏప్రిల్లో ఇంటికొచ్చారు, మొహం గంటు పెట్టుకుని. "చేతిలో పడ్డ కేసు వదిలేశారటగా, మన బ్రాంచి ఎంతలో వెనకబడిందో తెలుసా మీకు?" అన్నారు. పెదనాన్న ఆయనకి కుర్చీ వేశాడు. "ఆవిడ పెద్దపిల్లకి పదో తరగతి పరీక్షలండీ, తీరికలేదు" అని చెప్పి, లోపలికి తిరిగి కాఫీ కేకేశాడు. "ఆఫీసరుగారికి పంచదార ఎక్కువే వెయ్యి, కోపంగా ఉన్నారు" అన్నాడు పెద్దమ్మతో.